సింగపూర్‌లో నాలుగు రోజులు: ఏది ఎక్కాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ కొనాలి

సింగపూర్ టికెట్లు బుక్ చేసుకున్న చుట్టాలు, స్నేహితులు ఫోన్ చేసి నన్ను అడిగేవి ఎప్పుడూ ఒకటే. ట్యాక్సీలో తిరగాలా, రైలు సరిపోతుందా? మన భోజనం దొరుకుతుందా? షాపింగ్ ముస్తఫాలోనా, ఆర్చర్డ్ రోడ్డులోనా? నేను మొదటిసారి ఒక్కడినే వెళ్లాను. రెండోసారి అమ్మానాన్నలతో, నాలుగేళ్ల పాపతో వెళ్లాను. మొదటిసారి బ్రహ్మాండంగా కుదిరిన పద్ధతులు రెండోసారి సగం కుదరలేదు. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను: మీతో ఎవరెవరు వస్తున్నారు?

ఇంకో సంగతి కూడా మొదటే చెప్పేస్తాను. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైన ఉంది. అక్కడ చలికాలం అంటూ ఉండదు. ఏ నెలలో వెళ్లినా ఉక్క, చెమట, ఉన్నట్టుండి కుండపోత వాన. మ్యాప్‌లో ఎనిమిది వందల మీటర్లు అని చూసి "ఇంతేగా, నడిచేద్దాం" అనుకుంటే మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఎనిమిది వందల మీటర్లే రోజంతా పాడు చేస్తాయి. కింద నేను చెప్పే పోలికలన్నిటి వెనకా ఈ ఎండ ఉంది.

రైలు, బస్సు, ట్యాక్సీ

సింగపూర్ మెట్రోను అందరూ ఎంఆర్‌టీ అంటారు. 1987లో మొదలైంది. ఇప్పుడు ఊరంతా అల్లుకుపోయింది. లైన్ల పేర్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు, రంగులు చాలు: ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, పసుపు, నీలం, గోధుమ. ఒంటరిగానో, ఇద్దరుగానో వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. కార్డుతో వెళ్తే దూరాన్ని బట్టి ఒక్కో ప్రయాణం సుమారు ఒకటింబావు డాలరు నుంచి రెండున్నర డాలర్ల దాకా పడుతుంది. ఇక్కడ డాలరు అంటే సింగపూర్ డాలరే. ఈ మధ్య దాని విలువ మన డబ్బుల్లో 70 రూపాయల ప్రాంతంలో ఉంటోంది కాబట్టి లెక్క వేసుకోవడం తేలికే.

పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం రైలు ఒక్కటే నమ్ముకోవద్దు. స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి, మెట్ల బాధ లేదు. బాధంతా లైను మారేటప్పుడు నడవాల్సిన దూరం. ధోబీ ఘాట్ స్టేషన్‌లో మూడు లైన్లు కలుస్తాయి. ఆ పేరు మన దేశం నుంచి వెళ్లి ఒకప్పుడు అక్కడ బట్టలు ఉతికిన పనివాళ్ల వల్ల వచ్చింది. ఆ మాట చెబితే అమ్మ ఎంతో సంబరపడింది. కానీ ఒక లైను నుంచి ఇంకో లైనుకు నడిచి వెళ్లేసరికి మోకాళ్లు పట్టేసి బెంచీ కోసం వెతుక్కుంది. ఆ రోజు నుంచి మేం బస్సులకు మారాం.

బస్సును చాలామంది టూరిస్టులు పట్టించుకోరు. నా దృష్టిలో కుటుంబంతో వెళ్లేవాళ్లకు అదే అసలైన ఎంపిక. ఛార్జీ రైలులాగే దూరాన్ని బట్టే ఉంటుంది. గంటకు పైగా పట్టే చోట్లకు రైలే మేలు గానీ, నాలుగైదు స్టాపుల దూరానికి బస్సు గుమ్మం ముందు దింపుతుంది. డబుల్ డెక్కర్ వస్తే పాపను పైన ముందు సీటులో కూర్చోబెట్టండి, వేరే టికెట్ కొనక్కర్లేకుండా ఊరు చూపించినట్టే. రెండు జాగ్రత్తలు. మీ నంబరు బస్సు కనపడగానే చెయ్యి ఎత్తాలి, లేకపోతే ఆపకుండా వెళ్లిపోవచ్చు. దిగేటప్పుడు కార్డు మళ్లీ తప్పనిసరిగా తాకించాలి. రైల్లో గేటే గుర్తు చేస్తుంది. బస్సులో ఎవరూ గుర్తు చెయ్యరు. తాకించడం మర్చిపోతే ఆ బస్సు చివరి స్టాపు దాకా వెళ్లినట్టు లెక్కగట్టి డబ్బు తీసుకుంటుంది. నాన్న రెండు సార్లు అలాగే దిగిపోయారు. తర్వాత దిగే ముందు పాపే "తాతా, కార్డు" అని అరిచేది. బస్సు దిగి రైలెక్కినా, రైలు దిగి బస్సెక్కినా మధ్యలో 45 నిమిషాలు దాటకపోతే మామూలుగా ఒకే ప్రయాణం కింద లెక్క వేస్తారు. కాబట్టి మారాల్సి వస్తే డబ్బు ఎక్కువవుతుందని జంకనక్కర్లేదు.

ట్యాక్సీ విషయంలో నా సలహా: రోజంతా ట్యాక్సీలో తిరగడం అనవసరం, ట్యాక్సీ అసలు ఎక్కకూడదనుకోవడం అంతకంటే అనవసరం. సామాన్లతో నలుగురు విమానాశ్రయం నుంచి హోటల్‌కు వెళ్లేటప్పుడు, రాత్రి పాప నిద్రపోయాక, వాన కురుస్తున్నప్పుడు ట్యాక్సీ ఎక్కండి. చాంగీ విమానాశ్రయం నుంచి మనవాళ్ల పేట లిటిల్ ఇండియాకు పాతిక ముప్పై డాలర్లు అవుతుంది. రైల్లో నలుగురికి ఎనిమిది, తొమ్మిది డాలర్లే అయినా సామాన్లతో మధ్యలో లైను మారాలి. రాత్రి ప్రయాణం చేసి వచ్చిన పెద్దవాళ్లతో ఆ పని పెట్టుకోవద్దు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ట్యాక్సీ మీటరు మీద 50 శాతం అదనం ఉంటుంది. మన వైపు నుంచి రాత్రి బయలుదేరే విమానాలు చాలావరకు అక్కడ తెల్లవారుజామున దిగుతాయి. విమానం అయిదున్నరకు దిగిందనుకోండి, సామాను తీసుకుని ముఖాలు కడుక్కుని ఒక కాఫీ తాగేసరికి ఆరు దాటుతుంది. ఆ అదనం మిగిలిపోతుంది.

చిన్న పిల్లలు ఉన్నవాళ్లు ఇది తప్పక గుర్తు పెట్టుకోండి. 1.35 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు కారులో చైల్డ్ సీటు ఉండాలన్నది అక్కడి చట్టం. మీటరు ట్యాక్సీలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. గ్రాబ్ లాంటి యాప్‌లో వచ్చే ప్రైవేటు కార్లకు మినహాయింపు లేదు. మామూలు కారు బుక్ చేస్తే డ్రైవరు పిల్లను చూసి ఎక్కించుకోను అంటాడు. తప్పు అతనిది కాదు, పట్టుబడితే జరిమానా పడుతుంది. కాబట్టి పిల్లలతో ఉంటే యాప్‌లో పిల్లల సీటున్న కారైనా అడగండి, లేదా రోడ్డు మీద మీటరు ట్యాక్సీయే ఆపండి.

ఏ కార్డు తీసుకోవాలి

మూడు దారులు ఉన్నాయి. ఒకటి, మీ దగ్గరున్న వీసా లేదా మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డునే గేటు దగ్గర తాకించడం. రెండు, స్టేషన్‌లో ఈజీ-లింక్ కార్డు కొని డబ్బు వేసుకోవడం. మూడు, టూరిస్ట్ పాస్.

మన బ్యాంకు కార్డు వాడితే ప్రయాణం చేసిన ప్రతి రోజుకూ 60 సెంట్లు అదనంగా పడతాయి. విదేశీ కార్డులకు అది నిబంధన. దాని మీద మన బ్యాంకు వేసే విదేశీ మారకం ఛార్జీ వేరు. అయినా రెండు మూడు రోజులకు వెళ్లేవాళ్లకు ఇదే సుఖం. ఈజీ-లింక్‌లో కార్డు ధర కింద 5 డాలర్లు పోతాయి, అవి తిరిగి రావు. నాలుగైదు రోజులు ఉండేవాళ్లకు అది గిట్టుబాటే. మా అమ్మలాగా ఫోనూ బ్యాంకు కార్డూ చేతిలో పట్టుకుని తిరగడం అంటే టెన్షన్ పడేవాళ్లకు ఇదే ఇవ్వండి, పోయినా పదో పరకో పోతుంది. టూరిస్ట్ పాస్ పేరు వినగానే అందరికీ ఆశ పుడుతుంది. రోజుకు ఆరేడు సార్లకు పైగా ఎక్కి దిగితే గానీ అది గిట్టదు. కుర్రాళ్లు బ్యాగు తగిలించుకుని పొద్దుటి నుంచి రాత్రిదాకా తిరిగితే సరే. ఇంటిల్లిపాదితో రోజుకు మూడు నాలుగు ప్రయాణాలకు మించి చెయ్యలేరు. మీకు వద్దు.

ఒక కార్డు ఒక మనిషికే. ఇంట్లో ఒక్క ఫారెక్స్ కార్డు తీసుకెళ్లి నలుగురికీ వరసగా తాకిద్దామంటే కుదరదు. 0.9 మీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఫోన్‌తో లోపలికి వెళ్లినవాళ్లు ఫోన్‌తోనే బయటికి రావాలి. అదే ఖాతా కార్డు కదా అని ప్లాస్టిక్ కార్డు తాకిస్తే రెండు వేర్వేరు ప్రయాణాలుగా లెక్కపడుతుంది. ఇంటి దగ్గర బయలుదేరక ముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. మన కార్డులకు అవి మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి.

రైల్లో, స్టేషన్‌లో తినడం, తాగడం నిషేధం. మంచినీళ్లు కూడా. జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. పాపకు బిస్కెట్లు పెట్టాలంటే గేటు బయటే పెట్టేయండి.

హాకర్ సెంటర్, ఫుడ్ కోర్ట్, మన హోటల్

సింగపూర్‌లో తిండి మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ కంగారు పడేది ఇక్కడే.

ఒకప్పుడు రోడ్డు పక్కన బండ్ల మీద అమ్మేవాళ్లను ప్రభుత్వం ఒక పైకప్పు కిందికి చేర్చింది. అవే హాకర్ సెంటర్లు. 2020లో యునెస్కో సింగపూర్ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. పదుల కొద్దీ కొట్లు, మధ్యలో బల్లలు, పైన ఫ్యాన్లు. ఏసీ ఉండదు. నాలుగైదు డాలర్లకు కడుపు నిండుతుంది. అదే భోజనం షాపింగ్ మాల్ ఫుడ్ కోర్టులో ఏసీలో తింటే ఎనిమిది, పది అవుతుంది. రెస్టారెంట్లో కూర్చుంటే లెక్క ఇంకోలా ఉంటుంది. మెనూలో ధర పక్కన ++ అని రెండు కూడికల గుర్తులు కనిపిస్తే, దానికి 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్‌టీ కలుస్తాయని అర్థం. 20 డాలర్లు అని చూసి ఆర్డరిస్తే బిల్లు దాదాపు 24 వస్తుంది. బల్ల మీద పెట్టే తడి టవల్‌కూ వేరుగా డబ్బు వేసే చోట్లు ఉన్నాయి. వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి ఇచ్చేయండి.

మాక్స్‌వెల్ అనే హాకర్ సెంటర్‌కు మొదటి రోజు మధ్యాహ్నం వెళ్లాం. ఖాళీ బల్ల ఒకటి కనిపించింది, దాని మీద చిన్న టిష్యూ ప్యాకెట్ ఉంది. ఎవరో మర్చిపోయారనుకుని నాన్న దాన్ని పక్కకు జరిపి కూర్చున్నారు. కాసేపటికి ఒక పెద్దావిడ ఆవిర్లు కక్కే నూడుల్స్ ట్రేతో వచ్చి మా ముందు నిలబడింది. ఏమీ అనలేదు, ప్యాకెట్ వంక చూసింది. అప్పుడు నాకు గుర్తొచ్చి లేచి సారీ చెప్పాను. అక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్, గొడుగు, ఐడీ కార్డు పెట్టారంటే ఆ చోటు పట్టుకున్నట్టే. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. ఆవిడ నవ్వి, పక్కన ఖాళీ అవుతున్న బల్ల చూపించింది. మర్నాటి నుంచి మేమూ అదే చేశాం. ముందు అమ్మ దగ్గరున్న చిన్న ప్యాకెట్ పెట్టడం, తర్వాత కొట్ల దగ్గరికి వెళ్లడం. తిన్న తర్వాత ట్రే, ప్లేట్లు మనమే తీసుకెళ్లి స్టాండ్‌లో పెట్టాలి. 2021 నుంచి అది తప్పనిసరి.

శాకాహారులకు హాకర్ సెంటర్ పనికొస్తుందా? వస్తుంది, కానీ కళ్లు తెరుచుకుని తినాలి. "వెజిటబుల్" అన్నంత మాత్రాన సరిపోదు. ఆకుకూర వేపుడులో ఆల్చిప్పల రసంతో చేసే ఆయిస్టర్ సాస్ వేస్తారు, సంబల్ అనే మిరప పచ్చడిలో ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది, నూడుల్స్‌లో పంది కొవ్వు కలిసే అవకాశం ఉంది. పరోటాలాంటి రోటీ ప్రాటా శాకాహారమే అనుకుంటాం, పక్కన పోసే కూర చాలాసార్లు చేపల పులుసు. పప్పు పొయ్యమని ముందే చెప్పాలి. చైనా శాకాహార కొట్లు కొన్ని ఉంటాయి. అక్కడ చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు కాబట్టి నిష్ఠగా ఉండేవాళ్లకూ సరిపోతాయి. కానీ సోయాతో మాంసం ఆకారంలో చేసిన ముక్కలు వడ్డిస్తారు. అమ్మ వాటిని చూసి ప్లేటు పక్కన పెట్టేసింది. ఎంత చెప్పినా తినలేదు. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే ముందే చెప్పి తీసుకెళ్లండి. పంది మాంసం వద్దనుకునేవాళ్లు హలాల్ గుర్తున్న కొట్లు చూసుకుంటే చాలు.

మూడో దారి లిటిల్ ఇండియా. సెరంగూన్ రోడ్డు వెంబడి నడిస్తే ఇడ్లీ, దోసె, భోజనం దొరకని వీధి ఉండదు. కోమల విలాస్ 1947 నుంచి, ఆనంద భవన్ 1924 నుంచి నడుస్తున్న శాకాహార హోటళ్లు. పెద్దవాళ్లతో వెళ్తే బస కూడా లిటిల్ ఇండియా లేదా ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర్లోనే చూసుకోమంటాను. పొద్దున్నే టిఫిన్, నడిచి వెళ్లే దూరంలో శ్రీనివాస పెరుమాళ్ గుడి, రాత్రి మళ్లీ పెరుగన్నం. ఆదివారం సాయంత్రం మాత్రం కాలు పెట్టే సందు ఉండదు. వారమంతా కష్టపడిన మన కూలీలు, పనివాళ్లు అందరూ ఆ రోజే అక్కడ కలుసుకుంటారు.

అయినా మూడు పూటలూ లిటిల్ ఇండియాలోనే తిని రావద్దు. మేం పాటించిన పద్ధతి ఇది: పొద్దున మన టిఫిన్, మధ్యాహ్నం ఎండ వేళ ఏసీ ఉన్న ఫుడ్ కోర్టు, సాయంత్రం చల్లబడ్డాక హాకర్ సెంటర్. లావ్ పా సాట్ అనే హాకర్ సెంటర్ దగ్గర సాయంత్రం ఒక వీధి మొత్తం మూసేసి బొగ్గుల మీద సాటే, అంటే పుల్లకు గుచ్చిన మాంసం ముక్కలు, కాలుస్తారు. మాంసాహారులు అది వదులుకోకండి. హాకర్ సెంటర్లలో చిన్న కొట్లు కొన్ని కార్డు తీసుకోవు, అక్కడివాళ్లు వాడే క్యూఆర్ మన ఫోన్లో చాలాచోట్ల పని చెయ్యదు. రెండు, అయిదు, పది డాలర్ల నోట్లు జేబులో ఉండాలి.

కాఫీ టీ అడిగే తీరు నేర్చుకుంటే పొద్దున సాఫీగా గడుస్తుంది. కొపీ అంటే గట్టి పాలు, పంచదార కలిసిన తియ్యటి డబ్బా పాలతో కాఫీ. కొపీ-సి అంటే తీపి లేని డబ్బా పాలు పోసి పంచదార వేసినది. కొపీ-ఓ అంటే పాలు లేకుండా పంచదారతో. చివర కొసోంగ్ అంటే పంచదార వద్దని. షుగర్ ఉన్న నాన్నకు "కొపీ-సి కొసోంగ్" అనే మాట రెండో రోజుకే నోటికి వచ్చేసింది. టీ అయితే కొపీ బదులు తే అనండి. తే హలియా అంటే అల్లం టీ, మనకు ఇట్టే నచ్చుతుంది.

మంచినీళ్ల సీసాలు కొనకండి. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగొచ్చు. ఖాళీ సీసా ఒకటి పట్టుకెళ్లండి.

ఎక్కడ ఏం కొనాలి

సయ్యద్ అల్వీ రోడ్డులోని ముస్తఫా సెంటర్‌కు మనవాళ్లు వెళ్లకుండా రారు. రాత్రి బాగా పొద్దుపోయేదాకా తెరిచే ఉంటుంది. అందుకే పగలు అక్కడికి వెళ్లి టైం పోగొట్టుకోకండి, రాత్రి భోజనం అయ్యాక వెళ్లండి. చాక్లెట్లు, బాదం, జీడిపప్పు, సెంట్లు, సబ్బులు, ఊళ్లో పది మందికి పంచే సామాను అన్నిటికీ ఇదే చోటు. ధర మీద బేరం ఉండదు. నడవాలు ఇరుకు, అంతస్తులు బోలెడు, ఒకరికొకరు తప్పిపోతే వెతుక్కోవడం కష్టం. ఫలానా గేటు దగ్గర కలుద్దామని ముందే అనుకోండి. పెద్దవాళ్లను అక్కడ రెండు గంటలు నిలబెట్టొద్దు. డబ్బు కట్టాక సంచి మూతిని ప్లాస్టిక్ తాడుతో బిగించేస్తారు, హోటల్లో కోసుకోవాలి. కాబట్టి దాహం వేస్తే తాగడానికి కొన్నవి విడిగా బిల్లు వేయించుకోండి.

చైనాటౌన్, బూగిస్ స్ట్రీట్ చిన్న చిన్న కానుకలకు: కీచైన్లు, టీషర్టులు, బొమ్మలు. డజను లెక్కన తీసుకుంటే చవక. అక్కడ కొంచెం అడిగి చూడొచ్చు. ఆర్చర్డ్ రోడ్డు చూడటానికి బాగుంటుంది, కానీ అక్కడి బ్రాండ్లలో చాలావరకు మన నగరాల్లోనూ ఉన్నాయి. తగ్గింపు ఉంటే తప్ప కొనడంలో లాభం కనిపించలేదు. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ పై అంతస్తులో చీరలు, డ్రెస్సులు ఉంటాయి. మన దగ్గర నుంచి వెళ్లినవాళ్లకు వాటి అవసరం ఉండదు.

నేను అందరికీ గట్టిగా చెప్పేది మాత్రం మామూలు సూపర్‌మార్కెట్ గురించి. ఇళ్ల మధ్య ఉండే ఫెయిర్‌ప్రైస్ లాంటి చోటికి వెళ్లండి. బ్రెడ్ మీద రాసుకునే కాయా జామ్, తే తారిక్ పొడి ప్యాకెట్లు, మిరపకాయ సాస్‌లు అక్కడివాళ్లు కొనే ధరకే వస్తాయి. టూరిస్టు కొట్లలో అవే రంగు డబ్బాల్లో పెట్టి ఎక్కువకు అమ్ముతారు. కాయాలో గుడ్డు ఉంటుంది, శాకాహారులకు ఇచ్చేముందు చూసుకోండి.

ఎలక్ట్రానిక్స్ సింగపూర్‌లో చవక అన్న మాట మన పెద్దల కాలం నాటిది. ఒక చిన్న కెమెరా కొట్టులో నాకు ముందు చెప్పిన ధర బాగా తక్కువ. కార్డు తీశాక బ్యాటరీ వేరు, ఛార్జర్ వేరు, వారంటీ వేరు అంటూ ఒక్కొక్కటీ కలిపారు. మొత్తం మన దగ్గరి ధర దాటిపోయింది. వద్దని బయటికి రావడానికి పావుగంట పట్టింది. కొనేట్టయితే ధరలు రాసి పెట్టే పెద్ద షోరూముల్లోనే కొనండి, ఇక్కడి ధర ఫోన్లో పక్కన పెట్టుకుని చూడండి, వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కాగితం మీద చదవండి. అక్కడి ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, మన సాకెట్‌కు సరిపోదు. బంగారం సంగతి కూడా అంతే. నాలుగు రోజులకు వెళ్లి వచ్చేవాళ్లకు నగల మీద సుంకం మినహాయింపు ఉండదు. విదేశంలో ఏడాదికి పైగా ఉండి వచ్చినవాళ్లకే ఉంటుంది.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే సామానులోనూ జాగ్రత్త. చూయింగ్ గమ్, గుట్కా, ఈ-సిగరెట్లు తీసుకెళ్లకూడదని చాలామందికి తెలుసు. గసగసాలు కూడా నిషిద్ధమే అని తెలియదు. బంధువుల ఇంటికి మసాలా దినుసులు మూటగట్టే అమ్మలకు ఈ మాట తప్పక చెప్పండి.

తిరుగు రోజు, పన్ను వాపసు

కొన్నవాటిమీద కట్టిన 9 శాతం జీఎస్‌టీ టూరిస్టులకు వాపసు వస్తుంది. ఆ వాపసు పథకంలో చేరిన కొట్టులో, ఒకే రోజు, కనీసం 100 డాలర్లు కొనాలి. ఒకే కొట్టు బిల్లులు మూడింటి దాకా కలుపుకోవచ్చు. కొనేటప్పుడు అసలు పాస్‌పోర్టు చూపించాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. కాబట్టి నలుగురూ నాలుగు చోట్ల కొద్దికొద్దిగా కొనే బదులు, పెద్ద సామానంతా ఒకే రోజు ఒకే చోట ఒకే పాస్‌పోర్టు మీద కొనండి. వాపసులో కొంత సర్వీస్ ఛార్జీ కింద కోస్తారు, తొమ్మిది శాతం మొత్తం చేతికి రాదు.

చాంగీలో ఆ పనికి కియోస్కులు ఉంటాయి. సామాను చెకిన్ బ్యాగులో పెట్టేస్తుంటే బ్యాగు ఇవ్వకముందే కియోస్కు దగ్గరికి వెళ్లాలి. చేతి సంచిలో ఉంటే ఇమిగ్రేషన్ దాటాక కూడా చెయ్యొచ్చు. అధికారి సామాను చూపించమనవచ్చు, అందుకని ఆ సంచిని అడుగున కుక్కకండి. దీనికి అరగంట వేరుగా పెట్టుకోండి. పిల్లలకు విమానాశ్రయానికి ఆనుకుని ఉన్న జువెల్ మాల్‌లోని 40 మీటర్ల ఇండోర్ జలపాతం చూపించాలంటే అది టెర్మినల్ 1 పక్కన, ఇమిగ్రేషన్‌కు ఇవతల ఉంది. లోపలికి వెళ్లిపోయాక బయటికి రావడం కుదరదు. ముందు జలపాతం, తర్వాత కియోస్కు, ఆ తర్వాతే చెకిన్.